కొండ ఊరి వాననీళ్ళు: మేము చేసిన తప్పు, నేర్చుకున్న పని

(మారతహళ్ళిలో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని ఏ సభకు పిలిచినా మగ్గం గురించే మాట్లాడమంటారు. రేషం ధర ఎంత పెరిగింది, జరీ ఎట్ల ఉంది, రావలసిన బకాయిలు వచ్చినాయా, ఇవే మా మాటలు. ఈసారి మాత్రం సమాఖ్య వాళ్ళు ఫోన్ చేసి, "కొండ ఊర్లో మనోళ్ళు చేసిన వాననీళ్ళ పని గురించి చెప్పండి" అన్నారు. సరేనన్నాము. కానీ ఒక షరతు పెట్టినాము. మంచి మాత్రమే చెప్పమంటే చెప్పము, మొదటి ఏడాది పాడు చేసింది కూడా చెప్తాము అన్నాము. మీలో ఇంజనీర్లు ఉన్నారు, మాది ఎనిమిదో తరగతి చదువు. లెక్కలో తప్పుంటే సభ అయినాక దిద్దండి.

ముందు ఒక నిజం ఒప్పుకోవాల. నేతగాళ్ళకు వాన అంటే గిట్టదు. మీ అమ్మానాన్నలను అడగండి. గుంట మగ్గం ఇంట్లో వాన నాలుగు రోజులు పట్టిందంటే గుంటలో నీళ్ళు ఊరతాయి. తెల్లవారుజామున లేచి చెంబుతో తోడి బక్కెట్లో పోసి, గోనెసంచి పరిచి, దాని మీద కాళ్ళు పెట్టి నేసేవాళ్ళము. వార్పు తేమ పట్టి సాగుతుంది. రంగు వేసిన పట్టు ఆరదు. వీధిలో వార్పు సాగదీయడానికి లేదు. పని నిలిచిపోతే కూలి నిలిచిపోతుంది. రైతు వాన కోసం దండం పెట్టుకుంటా ఉంటే, పక్కింట్లో మనం "ఇంకో రెండు దినాలు ఆగు స్వామీ" అని దండం పెట్టుకుండేవాళ్ళము. అట్లాంటి మనము వాననీళ్ళు పట్టే పనికి పోయినాము అంటే, దాని వెనక ఒక కారణం ఉంది.

ఆ కారణం ఒకటి కాదు, రెండు. ఒకటి మీ మారతహళ్ళిలో పుట్టింది, ఇంకొకటి మా ధర్మవరంలో పుట్టింది.

2024 ఎండాకాలం మీకందరికీ గుర్తుంటుంది. బోర్లు ఎండిపోయినాయి. ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మనుషులు కాచుకున్నారు. తాగే నీళ్ళతో కారు కడిగినా, తోట తడిపినా 5,000 రూపాయల జరిమానా అని మార్చిలో జలమండలి ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉగాదికి ఇంటికి వచ్చిన మన పిల్లలు, పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేసే పిల్లలు, "తాతా, రెండు చెంబులతో స్నానం చేసి ఆఫీసుకు పోతున్నాము" అని చెప్పినారు. మేము నవ్వినాము. మా అనంతపురం సీమ మనుషులకు అది కొత్త కథ కాదు కదా.

రెండో కారణం ఇది. మా ఇళ్ళకు కండెలు చుట్టడానికి, అచ్చు అతకడానికి ఒక కొండ ఊరి నుంచి ఐదారుగురు ఆడపిల్లలు బస్సెక్కి వస్తారు. పెనుకొండ, చెన్నేకొత్తపల్లి మధ్య ఉన్న కొండల్లో, రోడ్డు నుంచి లోపలికి, నలభై గడపల ఊరు. ఎండాకాలం వస్తే ఆ పిల్లలు పది గంటలకు గానీ రారు. ఆలస్యమయిందని మేము కసురుకుంటాము. ఒకరోజు ఒక పిల్ల ఏడ్చింది. తెల్లారి నాలుగింటికి లేచి కొండ కింద బావి నుంచి మూడు దఫాలు నీళ్ళు మోసి వస్తున్నామని చెప్పింది. "ఊళ్ళో బోరు ఉంది కదమ్మా" అంటే నోరు తెరిచి పళ్ళు చూపించింది. పళ్ళ మీద గోధుమరంగు చారలు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. ఊరి పేరు మేము ఇక్కడ చెప్పము. "మా పేరు చెప్తే పిల్లలకు సంబంధాలు రావు" అన్నారు ఆ ఊరి ఆడవాళ్ళు. ఆ మాటకు కట్టుబడి ఉన్నాము.

ఫ్లోరైడు గురించి రెండు మాటలు. మన సీమలో కింద ఉన్నది నల్లరాయి, గ్రానైటు. ఆ రాళ్ళలో ఉండే ఫ్లోరైడు నీళ్ళలోకి కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళు, తర్వాత ఎముకలు, కీళ్ళు పోతాయి. కాచితే పోతుందనుకునేరు. కాచితే పోదు, నీళ్ళు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. వాననీటిలో మాత్రం ఆ బాధ లేదు. రాయిని తాకకముందే, మిద్దె మీదే పట్టుకుంటే పిల్లలకు మంచినీళ్ళు దొరికినట్టే.

అట్ల ఈ రెండు కారణాలు కలిసినాయి. మారతహళ్ళి పిల్లలు "మేము శ్రమదానం చేస్తాము" అన్నారు. మేము ఊరు చూపించినాము. అనుకున్న పని రెండు భాగాలు. బడి మిద్దె మీద పడే వానను తొట్టిలో పట్టడం ఒకటి. కొండ వాలులో కందకాలు తీసి వానను భూమిలోకి ఇంకించడం ఇంకొకటి.

ఇప్పుడు మొదటి ఏడాది సంగతి.

ఒక ఆదివారం ఇక్కడి నుంచి బస్సు వచ్చింది. నలభై మంది. అందరికీ ఒకే రంగు బనియన్లు, ముందర బ్యానరు. మేము ధర్మవరం నుంచి పారలు, గడ్డపారలు, పులిహోర తీసుకొని పోయినాము. పిల్లలు కష్టపడలేదని ఎవరూ అనలేరు. చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వినారు. సాయంత్రానికి ముప్పై కందకాలు అయినాయి. ఫోటోలు తీసుకున్నాము. అందరం సంతోషంగా ఇంటికి పోయినాము.

మేము తవ్వుతా ఉంటే గొర్రెల కాపరి ఒకాయన, ముసలాయన, కర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు చూస్తా ఉండె. ఏమో చెప్పబోయె. "తాతా, పక్కకు జరుగు, మట్టి పడుతుంది" అన్నాము. ఆయన జరిగిపోయె.

సెప్టెంబరులో ఒక రాత్రి పెద్ద వాన పడింది. మా కందకాలు చూపుకు వరసగా ఉన్నాయి గానీ మట్టానికి లేవు. ఒక కొస ఎత్తు, ఒక కొస పల్లం. నీళ్ళు పల్లపు కొసకు చేరి, అక్కడ గట్టు తెంపి, కింది కందకంలో పడి, దాన్నీ తెంపి, అన్నీ కలిసి ఒకటే పాయగా కిందికి దిగినాయి. వానను ఆపడానికి పోయిన మేము వానకు దోవ తీసి ఇచ్చినట్టయింది. ఆ పాయ కింద ఒక ముసలమ్మ వేరుశనగ చేను ఉంది. అరెకరం మీద ఇసక మేట వేసింది.

బడి తొట్టి సంగతి కూడా అంతే. తొట్టి కట్టినాము, పైపు పెట్టినాము, వడపోత పెట్టినాము. మిద్దె ఊడ్చేది ఎవరు, వడపోతలో ఇసక కడిగేది ఎవరు అని ఎవరమూ అనుకోలేదు. మొదటి వానకు మిద్దె మీది ఆకులు, పక్షుల రెట్ట అంతా లోపలికి పోయింది. మూత సరిగా లేక కప్ప పడి చచ్చింది. నీళ్ళు వాసన కొట్టినాయి. పిల్లలు మళ్ళీ బోరు నీళ్ళే తాగినారు.

ఇది మాకు ఎప్పుడు తెలిసింది? నెల తర్వాత, కండెలు చుట్టే పిల్ల చెప్తే తెలిసింది. తెలిసిన వెంటనే పోయినామా? పోలేదు. దీపావళి ఆర్డర్లు ఉన్నాయి, పెళ్ళిళ్ళ చీరలు ఉన్నాయి అని ఇంకో నెల గడిపినాము. ఇది మా తప్పు. ఇంకెవరి మీదా వేయము.

చివరికి పోయినాము. ఆ ముసలమ్మ చేని గట్టున కూర్చొని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. "ఏమప్పా, నీ మగ్గంలో పోగు తెగితే అతక్కుండా లేచిపోతావా?" అని అడిగింది. అంతే అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. మీలో నేసినవాళ్ళకు తెలుసు. ఒక్క పోగు తెగిందని తెలిసి కూడా ముందుకు నేస్తే చీర పొడవునా గీత పడుతుంది. ఆ చీరను షావుకారు తీసుకోడు, తీసుకున్నా సగం ధర. తెగిన చోటే ఆగి అతికి ముందుకు పోవాలని మనకు ఏడేళ్ళ వయసులో నేర్పినారు. ఆ బుద్ధి మగ్గం దగ్గరే వదిలేసి కొండ మీదికి పోయినాము.

పంట నష్టం సంఘం తరఫున ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. "ఇసక తీయండి, చాలు" అనె. రెండు దినాలు గంపలతో ఇసక మోసినాము. ఆ రెండు దినాలకు బ్యానరు లేదు. మారతహళ్ళి నుంచి బస్సు కాదు, ఏడుగురు పిల్లలు మాత్రం రైలెక్కి వచ్చినారు. ఆ ఏడుగురు ఈరోజు ఈ సభలో ఉన్నారు. లేచి నిలబడమంటే నిలబడరు, మాకు తెలుసు.

తర్వాత మేము పని నేర్చుకోవాలనుకున్నాము. దగ్గర్లోనే చూడదగింది ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అని 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం గారలు మొదలుపెట్టినారు. ముష్టికోవెల చుట్టుపక్కల పల్లెల జనంతో కలిసి, 90ల మొదటి నుంచి, బోడిగుట్టలను అడవిగా మార్చినారు. దానికి కల్పవల్లి అని పేరు. ఏడు వేల ఎకరాలకు పైగా ఉంటుంది. దాన్ని చూసుకునేది కూడా మనలాంటి సహకార సంఘమే. మా కళ్ళకు అన్నిటికన్నా గొప్పగా కనిపించింది చెట్లు కాదు. ప్రతి ఏడాదీ ఎండలు ముదరకముందే గడ్డి కోసి, గీకి, నిప్పు దాటకుండా గుట్టల మీద గీతలు తీస్తారు. కావలి ఉంటారు. ముప్పై ఏళ్ళుగా ప్రతి ఏడాదీ తీస్తున్నారు. ఒక్క ఏడాది మానుకుంటే ముప్పై ఏళ్ళ అడవి ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. వాగుల వెంట ఈతచెట్లు అట్ల నిలబడినాయి.

పెద్దలు ఇంకా పాత సంగతి ఒకటి చెప్పినారు. కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక చెరువు ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించినాడు. 1369 నాటి శాసనం ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పని చేసినారంట. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు అని ఆ రాతి మీద చెక్కినారు. ఆ పన్నెండిటిలో నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండాలనేది ఒకటి, పని తెలిసిన కూలీలు ఉండాలనేది ఒకటి. 1369లోనే తెలిసిన మాట. మా దగ్గర పని తెలిసిన మనిషి లేడా అంటే ఉన్నాడు. గొర్రెల కాపరి. ఆయన్నే మేము పక్కకు జరగమన్నాము.

రెండో ఏడాది ముందు ఆయన దగ్గరికే పోయినాము. "నాయనా, తప్పయింది, దోవ చూపించు" అన్నాము. ఆయన ఎండాకాలంలోనే వాన ఎట్ల పోతుందో చూపించినాడు. గడ్డి ఏ వైపుకు వాలి ఎండిందో, ఏ బండ కింద సన్న ఇసక చేరిందో, పుట్ట ఎక్కడ ఉందో, అవన్నీ ఆయనకు అక్షరాలు. మొదట కొండ నెత్తి మీద పని చేయమన్నాడు. పైన నీళ్ళు పిల్లలాగా ఉంటాయి, చెయ్యి పట్టుకుంటే నిలబడతాయి, కిందికి దిగేసరికి ఎద్దులవుతాయి అన్నాడు.

మట్టం చూసుకోవడానికి మేము చేసిన సాధనం చెప్తాము, ఎవరయినా చేసుకోవచ్చు. ఒకే పొడవు కర్రలు రెండు తీసుకొని పైన కలిపి కట్టాల. మధ్యలో అడ్డకర్ర కట్టాల. పై ముడి నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీయాల. ఒకచోట నిలబెట్టి దారం అడ్డకర్రను ఎక్కడ తాకుతుందో గుర్తు పెట్టాల. కాళ్ళు అటు ఇటు మార్చి అదే చోట పెట్టి ఇంకో గుర్తు పెట్టాల. రెండు గుర్తుల నడుమ అసలు గుర్తు. దారం ఆ గుర్తు మీద నిలిస్తే రెండు కాళ్ళూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అట్ల అడుగు అడుగు నడిపించుకుంటూ పోయి సున్నంతో గీత గీసినాము. గీత వంకరటింకరగా వచ్చింది. పిల్లలు "తాతా, వంకర పోయింది" అన్నారు. కొండ వంకర ఉంటే మట్టపు గీత వంకరే వస్తుంది.

ఒక్కో కందకం పది అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. నిండితే 30 ఘనపుటడుగులు, అంటే సుమారు 850 లీటర్లు. పొడవుగా ఒకటే కాలువ తీయలేదు. ముక్కలు ముక్కలుగా, పై వరస ఖాళీకి ఎదురుగా కింది వరస కందకం వచ్చేటట్టు తీసినాము. ఒకటి తెగినా ఇంకొకటి పట్టుకుంటుంది. తవ్విన మట్టి కింది వైపు గట్టుగా వేసి గడ్డి నాటినాము. పాత పాయకు అడ్డంగా, పెద్ద రాళ్ళు కింద, చిన్న రాళ్ళు పైన, మూడు నాలుగు చోట్ల రాతికట్టలు పేర్చినాము. అవి నీళ్ళను పూర్తిగా ఆపవు, వేగం తగ్గిస్తాయి. మన్ను అక్కడే దిగుతుంది. ఈ పనికి ఒక్క ఆదివారం చాలలేదు. నాలుగు నెలల్లో తొమ్మిది ఆదివారాలు పట్టింది. ఊరివాళ్ళు ఇంటికొకరు వచ్చినారు. మొత్తం అరవై కందకాలు. ముందర సంవత్సరం ఒక్కరోజులో ముప్పై తవ్వినామని గొప్పలు చెప్పుకున్నది గుర్తొచ్చి సిగ్గేసింది.

బడి తొట్టి లెక్క కూడా చెప్తాము. ఇది మీ ఇంటికీ పనికొస్తుంది. వెయ్యి చదరపుటడుగుల మిద్దె మీద అంగుళం వాన పడితే సుమారు 2,300 లీటర్లు. ఆ బడి మిద్దె 600 చదరపుటడుగులు. మా సీమలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్లు, అంటే సుమారు 22 అంగుళాలు. దేశంలోనే తక్కువ వాన పడే చోట్లలో మాది ఒకటి. ఆవిరయ్యేది, మొదట వదిలేసేది తీసేసినా ఏడాదికి 24,000 లీటర్లు వస్తాయి. బడిలో పిల్లలు 25 మంది. తలకు రోజుకు రెండు లీటర్లు, 200 రోజులు. పది వేల లీటర్లు. కాబట్టి పది వేల లీటర్ల తొట్టి చాలు. తాగడానికి మాత్రమే. గిన్నెలు కడగడానికి బోరు నీళ్ళే.

ప్రతి వానలో మొదటి నీళ్ళు తొట్టిలోకి పోకుండా నిలువు పైపు ఒకటి పెట్టినాము. మిద్దె కడిగిన నీళ్ళు ముందు అందులో నిండుతాయి, తర్వాత వచ్చే మంచి నీళ్ళు వడపోతకు పోతాయి. వాన నిలిచినాక కింద బిరడా తీసి ఆ మురికి వదిలేయాల. వడపోతలో కింద కంకర, నడుమ బొగ్గు, పైన కడిగిన ఇసక. తొట్టిలోకి వెలుతురు పోకూడదు, పోతే పాచి పడుతుంది. దోమలు దూరకుండా గొట్టాలకు జాలీ. పట్టిన నీళ్ళు కాచి చల్లార్చి తాగిస్తారు.

ఇదంతా సిమెంటు పని, ఎవరయినా చేస్తారు. అసలు పని దాని తర్వాత మొదలయింది. ఊళ్ళో ఐదుగురు ఆడవాళ్ళతో ఒక కమిటీ వేసినారు, వాళ్ళే వేసుకున్నారు. మేము మాకు తెలిసిన ఒక్క విద్య ఇచ్చినాము. పద్దు పుస్తకం. సంఘం ఎట్ల నడుస్తుందో మాకు తెలుసు. వాటా ధనం ఎంత గొప్పగా ఉన్నా, పద్దు రాయని సంఘం మూడేళ్ళలో మూతపడుతుంది. ఇంటికి నెలకు పది రూపాయలు. మిద్దె ఎవరు ఊడ్చినారు, ఇసక ఎప్పుడు కడిగినారు, బిరడా ఎవరు తీసినారు, తేదీతో సహా రాయాల. ఏరువాక పున్నమికి ముందు మిద్దె, పైపులు శుభ్రం చేయాల. ప్రతి పెద్ద వాన మరుసటి రోజు కందకాలు చుట్టి రావాల. సంక్రాంతికి తొట్టిలో ఎంత నీళ్ళు ఉన్నాయో కొలకర్రతో కొలిచి రాయాల. కమిటీలో ఒకామెకు చదువు రాదు. ఆమె కూతురు, కండెలు చుట్టే మా పిల్ల, రాసి పెడుతుంది.

ఫలితం ఏమయింది అంటారు. మేము ఎక్కువ చెప్పము. రెండో ఏడాది వానలకు కందకాలు నిండినాయి, రెండు గట్లు తెగినాయి, మరుసటి రోజే ఊరివాళ్ళు వేసుకున్నారు. ముసలమ్మ చేనుకు ఇసక రాలేదు. తొట్టి నీళ్ళు శివరాత్రి దాటి ఉగాది దాకా వచ్చినాయి. కింది బావిలో నీళ్ళు పెరిగినాయా అంటే, పెరిగినట్టు ఊరివాళ్ళు అంటున్నారు. మేము మాత్రం ఒక్క ఏడాది వాన చూసి అనము. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు కదా. ఐదేళ్ళు పద్దు రాయనీ, అప్పుడు చెప్తాము. పళ్ళ మీద పడిన చారలు పోవు. తర్వాత పుట్టిన పిల్లలకు రాకుండా ఉంటే చాలు.

ఇప్పుడు మీ సంగతికి వస్తాము. కోపగించుకోవద్దు.

బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మా కొండ ఊరికన్నా ఒకటిన్నర రెట్లు దాటి. ఆ ఊరికి ట్యాంకర్ రాదు, మీకు వస్తుంది. మీకు కావేరి నీళ్ళు వంద కిలోమీటర్ల దూరం నుంచి, ఎత్తు మీదికి పంపులతో తోడి తెస్తారు. 2024 అక్టోబరు 16న ఐదో దశ ప్రారంభించినారు. నగరంలో కలిసిన 110 పల్లెల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్లు. మంచిదే. కానీ ఆ నీళ్ళు కూడా ఎక్కడో కొండల మీద పడిన వానే కదా. మీ మిద్దె మీద పడింది మాత్రం మోరీలో పోతుంది.

లెక్క వేద్దాం. 30×40 సైటు, 1,200 చదరపుటడుగులు. ఏడాదికి పడేది లక్షా ఎనిమిది వేల లీటర్లు. అయిదో వంతు పోయినా 86,000 లీటర్లు. ఆరు వేల లీటర్ల ట్యాంకర్లు పద్నాలుగు. ఇది మేము కొత్తగా చెప్పేది కాదు. ఇక్కడి జలమండలి చట్టంలోనే 2009లో రాసినారు. 60×40, అంతకన్నా పెద్ద సైటులో ఉన్న ఇళ్ళకు, 30×40, ఆపైన కొత్తగా కట్టే ఇళ్ళకు వాననీటి ఏర్పాటు తప్పనిసరి. ఇదే ఊళ్ళో ఎ.ఆర్. శివకుమార్ గారు అనే శాస్త్రవేత్త 1995లో విజయనగరలో ఇల్లు కట్టుకొని, జలమండలి కుళాయి లేకుండా వాననీళ్ళతోనే కుటుంబాన్ని నడిపినారు. నడిచే పనే అని చూపించినారు.

మీ చుట్టూ చూడండి. మున్నేకొళాల, కుందలహళ్ళి, దొడ్డనెక్కుంది, వర్తూరు, బెళ్ళందూరు. కన్నడంలో కెరె అంటారు, మనం చెరువు అంటాము. ఒకప్పుడు పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు పోయేది. కాపరి చెప్పిన మాటే, పై నుంచి కిందికి. నీళ్ళు పంచడానికి నీరుగంటి అని ఒక మనిషి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత పోవాలో ఆయన చేతిలో ఉండేది. చెరువులు మిగిలినాయి, నీరుగంటి పోయినాడు.

ఇంకో మాట మీకు నచ్చుతుంది. ఈ నగరం చుట్టూ తరతరాలుగా బావులు తవ్వే మన్ను వడ్డర్లు ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఇంటి భాష తెలుగే. పది లక్షల ఇంకుడు బావులు తవ్వాలని ఇక్కడ నడుస్తున్న ప్రచారంలో పని చేసేది వాళ్ళే. మూడు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు బావిని చేతులతో తవ్వి, సిమెంటు వరలు దించి, మిద్దె నీళ్ళను వడపోసి అందులోకి వదులుతారు. నేల ఎట్ల ఉందో వాళ్ళు మన్ను చేతిలో నలిపి చెప్తారు. మా కాపరిలాగా. మీ వీధిలో వాళ్ళు కనిపిస్తే ఆగి తెలుగులో పలకరించండి.

చివరగా ఒక్క సంగతి చెప్పి ముగిస్తాము. ఇసక మోయడానికి వచ్చిన ఏడుగురిలో ఒక అబ్బాయి, ఇక్కడే మారతహళ్ళిలో అపార్ట్‌మెంట్లో ఉంటాడు. కొండ ఊర్లో వడపోత ఇసక కడిగి వచ్చినాక, మా అపార్ట్‌మెంట్లో ఎట్ల ఉందో చూద్దామని కిందికి దిగినాడంట. వాననీటి గుంత ఉంది. కాగితాల ప్రకారం అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇనుప మూతకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వాచ్‌మన్‌కు తెలియదు, అసోసియేషన్‌కు తెలియదు. తాళం పగలగొట్టి చూస్తే చిప్స్ కవర్లు, సిమెంటు పెచ్చులు, గడ్డకట్టిన మన్ను. ఎన్నేళ్ళుగా ఆ గుంతలోకి ఒక్క చుక్క దిగలేదో. అంత దూరం పోయి శ్రమదానం చేసిన పిల్లవాడు, తన కాళ్ళ కింద మూసుకుపోయిన గుంత మీద నాలుగేళ్ళు నడిచినాడు. ఈ మాట వాడే మాకు చెప్పినాడు, సభలో చెప్పమని కూడా అన్నాడు. ఆ గుంత ఇప్పుడు పని చేస్తోంది. తాళంచెవి నోటీసు బోర్డు పక్కన మేకుకు వేలాడుతోంది.

కాబట్టి మా మనవి మూడు. సొంత ఇల్లు ఉన్నవాళ్ళు ఏరువాక పున్నమికి ముందు మిద్దె ఊడ్చి వడపోత కడగండి. అద్దెకు ఉన్నవాళ్ళు, అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్ళు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో రేపే అడగండి. కొండ ఊరికి రావాలనుకునేవాళ్ళు రండి, కానీ ఒక్కసారి వచ్చేవాళ్ళు వద్దు. ఏడాదికి మూడుసార్లు వస్తామని పద్దు పుస్తకంలో సంతకం పెట్టేవాళ్ళు రండి. బనియన్లు, బ్యానర్లు వద్దు. టోపీ, నీళ్ళ సీసా, తుండుగుడ్డ చాలు. అన్నం ఊరివాళ్ళు పెడతారు, రాగిసంగటి, చెనిగ్గింజల ఊరిబిండి.

ఆ ముసలమ్మ ఈ ఏడాది కూడా వేరుశనగ వేసింది. మొన్న మేము బయలుదేరేముందు, మారతహళ్ళి సభకు పోతున్నామని చెప్తే, ఒక సంచి కాయలు ఇచ్చి "ఇసక మోసిన పిల్లోళ్ళకు ఇయ్యప్పా" అనె. సంచి ఆ మూల ఉంది. ఏడుగురూ సభ అయినాక వచ్చి తీసుకోండి. మిగిలితే అందరికీ.